ఛాంపియన్ పేరులో పిడికిలి వాటా ఎంత, నోటి వాటా ఎంత: లెక్క తీసే పద్ధతి

లెన్నాక్స్ లూయిస్ 2002 జూన్ 8న మెంఫిస్‌లో మైక్ టైసన్‌ను 8వ రౌండులో పడగొట్టాడు. లూయిస్‌ను ఓడించినవాళ్లు మొత్తం ఇద్దరే. ఆ ఇద్దరినీ మళ్లీ రింగులోకి లాగి బాకీ తీర్చుకున్నాకే అతను ఆట మానాడు. టైసన్ అటు లూయిస్ మీద గాని, ఇటు ఎవాండర్ హోలీఫీల్డ్ మీద గాని ఒక్కసారీ గెలవలేదు. అయినా మన ఊళ్లలో బాక్సర్ అనగానే నోట్లోంచి వచ్చే పేరు టైసన్‌దే. 2022లో ఒక తెలుగు సినిమాకి అమెరికా బాక్సర్ కావాల్సి వస్తే తెచ్చుకున్నదీ టైసన్‌నే.

దీన్ని పూర్తిగా అన్యాయం అనలేం. అభిమాని మనసులో చివరికి మిగిలేది మనిషి తీరు. అయితే ఆ తీరులో అతని సొంతం ఎంత, ప్రమోటరు పూసిన రంగు ఎంత, కాలం రుద్దింది ఎంత అన్నది విడదీయడం నేర్చుకుంటే ఏ బాక్సర్ గురించైనా ఆధారంతో మాట్లాడొచ్చు. దీనికి ఒక నోట్‌బుక్, పెన్ను, ఒక్కో బాక్సరుకి మూడు పూర్తి పోరాటాలు, మూడు నాలుగు సాయంత్రాలు చాలు. నోట్‌బుక్‌లో పేజీని మధ్యకి గీసి, ఎడమవైపు రింగులో జరిగింది, కుడివైపు రింగు బయట జరిగింది రాయండి. ఎడమవైపు నిండేదాకా కుడివైపు పెన్ను పెట్టొద్దు. ఈ క్రమం తప్పితే తర్వాతి పని అంతా తప్పుతుంది, ఎందుకంటే ఒకసారి మనిషి మీద ఇష్టమో కోపమో ఏర్పడితే కన్ను దెబ్బల్ని సరిగ్గా లెక్కపెట్టదు.

మూడు పోరాటాలు, శబ్దం లేకుండా

ఎంచుకోవాల్సినవి: ఎదుగుతున్న రోజుల్లో ఒకటి, బెల్టు నడుముకి ఉన్నప్పుడు కష్టపడి గెలిచింది ఒకటి, ఓడింది ఒకటి. అసలు ఓడనివాడైతే దాదాపు ఓడిపోయినంత పని అయింది చూడండి. ముక్కలు ముక్కలుగా కోసి కలిపిన నాకౌట్ వీడియోలు ఈ పనికి పనికిరావు. టైసన్ వీడియోల్లో 1988 జూన్ 27న మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించింది ఎప్పుడూ ఉంటుంది. 1987 మార్చిలో బోన్‌క్రషర్ స్మిత్ అతన్ని పట్టుకుని వేలాడుతూ 12 రౌండ్లూ నెట్టుకొచ్చింది ఉండదు. అదే ఏడాది ఆగస్టులో టోనీ టక్కర్‌తో 12 రౌండ్లు ఆడిందీ ఉండదు. ఆ రెండూ చూసినవాళ్లకి 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో 10వ రౌండులో కూలిపోవడం అంత వింతగా తోచదు: పొడుగు చేతులవాడు, జాబ్ (ముందుచేత్తో సూటిగా వేసే గుద్దు) వదలనివాడు, భయపడనివాడు ఎదురైతే టైసన్‌కి ఇబ్బందేనని అప్పటికే కనబడింది.

టీవీ మ్యూట్‌లో పెట్టండి. పెద్ద పోరాటమంటే 12 రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం. పాతవైతే 15 రౌండ్లు ఉండేవి. ఆ విరామం నిమిషంలోనే మార్కులు వేసేయాలి, రెండు రౌండ్లయ్యాక వెనక్కి వెళ్లి వేయకూడదు. గెలిచినవాడికి 10, రెండోవాడికి 9. ఒకసారి పడితే 8, రెండుసార్లు పడితే సాధారణంగా 7. 10-10 వేసే అలవాటు పెట్టుకోవద్దు, అది తేల్చకుండా తప్పించుకోవడం. జడ్జీలు చూసేవి నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చిన దూకుడు, రింగు ఎవరి చెప్పుచేతల్లో ఉంది, కాచుకోవడం. కొత్తవాళ్లు చేసే తప్పు ముందుకు నడుస్తున్నవాడికే రౌండు ఇచ్చేయడం. ముందుకొచ్చి ముఖాన జాబ్‌లు తింటుంటే అది ఫలితమిచ్చిన దూకుడు కాదు. ఇంకో తప్పు చేతి తొడుగుల మీదా మోచేతుల మీదా పడ్డ దెబ్బల్ని కూడా లెక్కలో వేయడం.

మర్నాడు అదే పోరాటాన్ని శబ్దం పెట్టి మళ్లీ చూసి, మళ్లీ మార్కులు వేయండి. రెండు కార్డులకీ తేడా వచ్చిన రౌండ్ల చుట్టూ గీత గీయండి. ఆ తేడాలో ఎక్కువ భాగం వ్యాఖ్యాత గొంతుదీ, గుంపు కేకలదీ, మీకు ముందే తెలిసిన పేరుదీ.

దీన్ని సాధన చేయడానికి 1987 ఏప్రిల్ 6న లాస్ వేగస్‌లో జరిగిన షుగర్ రే లెనార్డ్, మార్వెలస్ మార్విన్ హేగ్లర్ పోరాటాన్ని మించింది లేదు. జడ్జీలలోనే ఒకరు 118-110తో లెనార్డ్‌కి, ఒకరు 115-113తో లెనార్డ్‌కి, మూడోవారు 115-113తో హేగ్లర్‌కి ఇచ్చారు. ఈ రోజుకీ అభిమానులు రెండు వర్గాలే. అసలు చూడాల్సింది ఏమిటంటే, లెనార్డ్ ప్రతి రౌండు చివరి అర నిమిషంలో చేతులు ఆడించి గుంపుని లేపేవాడు. రౌండులో మొదటి రెండున్నర నిమిషాలు ఏం జరిగినా, గంట కొట్టేటప్పటికి కళ్లలో మిగిలేది ఆ మెరుపే. పోరాటానికి ముందే బేరంలో 15 రౌండ్లకి బదులు 12 రౌండ్లు, పెద్ద రింగు సాధించుకున్నాడు. హేగ్లర్ మామూలుగా ఎడమచేతివాటంగా నిలబడేవాడు అయ్యుండి, మొదటి రౌండ్లు కుడిచేతివాడిలా నిలబడి చేజార్చుకున్నాడు. అది మొండితనం. ఎటు నిలబడైనా తన గొప్పతనం చూపించాలన్న పంతం. ఈ ఒక్క పోరాటంలో ఇద్దరి స్వభావాలూ స్కోర్‌కార్డులోకి ఎలా దిగాయో కనబడుతుంది.

హేగ్లర్ పంతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1979 నవంబరులో వీటో ఆంటువోఫెర్మోతో గెలిచానని అనుకున్న పోరాటం డ్రా అని ప్రకటించారు. 1980 సెప్టెంబరులో లండన్‌లో ఆలన్ మింటర్‌ను 3 రౌండ్లలో ముగించి బెల్టు గెలిస్తే గుంపు సీసాలు విసిరింది, బెల్టు కట్టుకోకుండానే రింగులోంచి పరుగెత్తాల్సి వచ్చింది. తన పేరుకి ముందు ‘మార్వెలస్’ అని పలకడానికి టీవీవాళ్లు వెనకాడితే 1982లో చట్టప్రకారం పేరే మార్చుకున్నాడు. లోకం తనకి బాకీ ఉందన్న మనిషి అతను. 1987 తర్వాత మళ్లీ రింగెక్కలేదు, ఇటలీ వెళ్లిపోయాడు. బతిమాలినా తిరిగి రాకపోవడం వల్లే అభిమానుల్లో అతని మీద గౌరవం ఏటేటా పెరిగింది.

జాబితాని చదవడం

ఎడమవైపు రెండో పని, గెలుపుల పక్కన నాలుగు వివరాలు రాయడం: అప్పటికి ప్రత్యర్థి వయసు, ప్రత్యర్థి అంతకుముందు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాడు, ఏ బరువులో ఆడారు, ఎవరి ఊళ్లో ఆడారు. బాక్స్‌రెక్ వెబ్‌సైటులో పోరాటాల తేదీలు, స్థలాలు, బరువులు దొరుకుతాయి. వయసు, విరామం మీరే లెక్క కట్టుకోవచ్చు.

ఈ పని చేయకపోతే ‘0’ ఓటములు చూసి మోసపోతారు. చేస్తే లారీ హోమ్స్ ఎంత గొప్పవాడో అర్థమవుతుంది. 1978 నుంచి 1985 దాకా హెవీవెయిట్ ఛాంపియన్, ఆటలోని అత్యుత్తమ జాబ్‌లలో ఒకటి అతనిది. కానీ 1980 అక్టోబరు 2న అతను ఓడించింది 38 ఏళ్ల, జబ్బు మొదలైన ముహమ్మద్ అలీని. ఆ గెలుపుతో అతనికి ప్రేమ రాలేదు సరికదా, జనం ప్రాణంగా చూసుకునే మనిషిని కొట్టినవాడయ్యాడు. 48-0 (48 గెలుపులు, 0 ఓటములు) దాకా వచ్చి, పాత హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో 49-0కి ఒక్క మెట్టు కింద, 1985 సెప్టెంబరు 21న మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. ఆ రాత్రి కోపంలో, చనిపోయిన మార్సియానోని కించపరుస్తూ ఒక మాట జారాడు. తర్వాత క్షమాపణ చెప్పినా ఆ మాట పోలేదు. ఏడేళ్ల జాబ్ ఒకవైపు, ఒక్క వాక్యం ఒకవైపు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్లు అనేది ఇందుకే. హోమ్స్‌ని తూచేటప్పుడు మాత్రం ఆ వాక్యాన్ని కుడివైపే ఉంచండి. ఎడమవైపు దాన్ని రానివ్వడం అతనికి చేసే అన్యాయం.

రంగు ఎవరు పూశారు

ఇప్పుడు కుడివైపుకి రండి. మారుపేరు, నిక్కరు రంగు, రింగులోకి నడిచి వచ్చే పద్ధతి, మైకు ముందు మాటలు. ఒక్కోదాని పక్కన అది ఎప్పుడు మొదలైందో రాయండి. తేదీ రాస్తే వేషమా స్వభావమా అన్నది తనంత తానే బయటపడుతుంది. ఫ్లాయిడ్ మేవెదర్ చాలా ఏళ్లు ‘ప్రెటీ బాయ్’. ఆస్కార్ డి లా హోయాతో 2007 మే 5న జరిగిన పోరాటం నాటికి ‘మనీ’ మేవెదర్ అయ్యాడు: నోట్ల కట్టలు, కార్లు, ఎదుటివాడిని చులకన చేసే మాటలు. రింగులో మాత్రం అదే భుజం చాటు కాపు, అదే కుడిచేయి. ఆటలో మార్పు లేదు, అమ్మకంలోనే మార్పు. అతను ఓడిపోవడం చూడాలని డబ్బు కట్టేవాళ్లు కూడా అభిమానులంతే విలువైన కొనుగోలుదారులని అతను కనిపెట్టాడు. 2015 మే 2న పాక్యావోతో పోరాటానికి, డబ్బు కట్టి టీవీలో చూసే కనెక్షన్లు 46 లక్షలు అమ్ముడుపోయాయి. మానీ పాక్యావో ఎనిమిది బరువుల్లో బెల్టులు గెలిచినవాడు, నవ్వు ముఖం, ఫిలిప్పీన్స్ పేదరికం నుంచి వచ్చినవాడు. ఇద్దరి స్వభావాలూ ఒకదానికొకటి ఎదురు నిలబడకపోతే, చాలామందికి చప్పగా తోచిన ఆ 12 రౌండ్లకి అంత డబ్బు వచ్చేది కాదు.

అలీ విషయంలో అప్రమత్తంగా ఉండండి. గొప్పలు చెప్పుకోవడం గార్జియస్ జార్జ్ అనే కుస్తీవీరుడిని చూసి నేర్చుకున్నానని అలీయే ఒప్పుకున్నాడు. అది వేషం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరడానికి నిరాకరించడం వేషం కాదు: బెల్టు పోయింది, లైసెన్సు పోయింది, మంచి వయసులో మూడున్నరేళ్లు పోయాయి, 1971 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా జైలు భయం పోలేదు. ఒక లక్షణం మనిషిదేనా అని తేల్చడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఒకటే, దానికోసం అతను ఏం పోగొట్టుకున్నాడు?

కాలం పూసిన రంగు వేరే. జాక్ జాన్సన్ 1908లో సిడ్నీలో హెవీవెయిట్ బెల్టు గెలిచిన తొలి నల్లజాతివాడు. రింగులో నవ్వుతూ ప్రత్యర్థిని ఆటపట్టించేవాడు, తెల్ల స్త్రీలను పెళ్లాడాడు. 1910 జులై 4న తెల్లజాతి మాజీ ఛాంపియన్ జెఫ్రీస్‌ను ఓడించిన రాత్రి అమెరికా నగరాల్లో అల్లర్లు చెలరేగాయి. 1915లో అతను ఓడాక 22 ఏళ్లపాటు మరో నల్లజాతివాడికి ఆ బెల్టు కోసం పోరాడే అవకాశమే ఇవ్వలేదు. అందుకే, ఆ 22 ఏళ్ల తర్వాత అవకాశం దక్కిన జో లూయిస్‌కి అతని మేనేజర్లు నియమాలు పెట్టారు: పడిపోయినవాడి మీద సంబరపడకూడదు, తెల్ల స్త్రీతో ఫొటో దిగకూడదు, నైట్‌క్లబ్బుకి ఒంటరిగా పోకూడదు. 25 సార్లు బెల్టు నిలబెట్టుకున్న లూయిస్‌ని పత్రికలు ‘వినయశీలి’ అన్నాయి. ఆ వినయంలో ఎంత అతనిదో, ఎంత బతకడానికి కట్టుకున్న ముసుగో చూడకుండా జాన్సన్‌ని పొగరుబోతు, లూయిస్‌ని మంచివాడు అని రాసేయకండి.

ఎదుటివాడి పేజీ

ఒకరి పేరు పెరగడానికి ఇంకొకరి పేరు కరిగించిన సందర్భాలుంటాయి. కాబట్టి ముఖ్యమైన ప్రత్యర్థికి కూడా ఒక పేజీ కేటాయించాలి. ఇది చాలామంది వదిలేసే పని, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే.

జో ఫ్రేజియర్ దక్షిణ కరోలినాలో పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టాడు, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేశాడు. అలీ నిషేధంలో ఉన్నప్పుడు లైసెన్సు తిరిగి ఇప్పించడానికి అతని తరఫున మాట్లాడాడు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 15వ రౌండులో ఎడమచేతి హుక్‌తో (పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు) అలీని పడగొట్టి, ఏకగ్రీవ తీర్పుతో గెలిచాడు. అలాంటివాడిని అలీ తెల్లవాళ్ల తొత్తు అన్నాడు, 1975లో మనీలా పోరాటానికి ముందు గొరిల్లా అన్నాడు. టికెట్లు అమ్మడానికి అన్న ఆ మాటలు ఫ్రేజియర్ పిల్లలు బడిలో వినాల్సి వచ్చింది. 1975 అక్టోబరు 1న 14 రౌండ్లయ్యాక, కళ్లు మూసుకుపోయిన ఫ్రేజియర్‌ని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ 15వ రౌండుకి పంపలేదు. ఫ్రేజియర్ దశాబ్దాలపాటు ఆ చేదు దిగమింగలేదు, జనం అతన్ని క్షమించడం తెలియనివాడు అన్నారు. ఫిలడెల్ఫియాలో ఒక సినిమా బాక్సర్‌కి విగ్రహం ముందే ఉంది. నిజంగా ఆ ఊళ్లో చెమటోడ్చిన ఫ్రేజియర్‌కి 2015లో, అతను పోయిన నాలుగేళ్లకి పెట్టారు. అలీని ప్రేమించడం ఆపనక్కర్లేదు. ఆ ప్రేమ ఖర్చులో కొంత ఫ్రేజియర్ చెల్లించాడని పేజీలో ఉండాలి.

ఓడిన రాత్రి

స్వభావం గురించి అన్నింటికంటే నమ్మదగిన సాక్ష్యం ఓటమి. అంటే చివరి గంట మోగిన క్షణం, ఆ తర్వాతి పది నిమిషాలు. వీడియోని గంటతో ఆపేయకుండా రింగులోని ఇంటర్వ్యూ దాకా చూడండి.

వ్లాదిమీర్ క్లిచ్కోని ఏళ్లకేళ్లు చప్పని ఛాంపియన్ అన్నారు: జాబ్, పట్టుకోవడం, మళ్లీ జాబ్. 2017 ఏప్రిల్ 29న వెంబ్లీలో 90,000 మంది ముందు, 41 ఏళ్ల వయసులో, 5వ రౌండులో పడి లేచి 6వ రౌండులో ఆంథొనీ జాషువాని పడగొట్టి, చివరికి 11వ రౌండులో ఓడాడు. ఓడిన ఆ ఒక్క రాత్రి అతనికి తెచ్చిన ప్రేమ అంతకుముందు గెలుపులేవీ తేలేదు. పడ్డవారెన్నడూ చెడ్డవారు కారన్న మాట బాక్సింగులో అక్షరాలా నిజం. లేవకుండా వెనుదిరగడమే జనం ఒప్పుకోరు. రొబెర్టో డురాన్ 1980 జూన్‌లో మాంట్రియాల్‌లో లెనార్డ్‌ని ఓడించాడు. నవంబరు 25న న్యూ ఆర్లియన్స్‌లో లెనార్డ్ ఆటపట్టిస్తుంటే 8వ రౌండులో చేయి ఊపి ఆట మానేశాడు. ‘నో మాస్’, ఇక చాలు, అన్నాడని లోకమంతా పాకింది. తాను ఆ మాట అనలేదని డురాన్ అంటూనే ఉన్నాడు. ఆ మచ్చ కడుక్కోవడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది: 1989 ఫిబ్రవరిలో, 37 ఏళ్ల వయసులో, తనకంటే చాలా పెద్ద ఒళ్లున్న ఐరాన్ బార్క్లీని 11వ రౌండులో పడగొట్టి మిడిల్‌వెయిట్ బెల్టు గెలిచాక.

టైసన్ 1997 జూన్ 28న 3వ రౌండులో హోలీఫీల్డ్ చెవి కొరికాడు. 30 లక్షల డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. దీన్ని కొందరు రాక్షసత్వమని మెచ్చుకుంటారు. శబ్దం లేకుండా చూస్తే కనబడేది గెలిచే దారి దొరకనివాడు ఆటలోంచి బయటపడిన తీరు.

రింగు బయట నేరాల్ని మెలితిప్పకుండా రాయండి. 1992లో టైసన్‌కి అత్యాచారం కేసులో శిక్ష పడింది, 2012లో మేవెదర్ గృహహింస కేసులో జైలుకెళ్లాడు. ‘ఎంత గొప్ప ఎడమ హుక్’ అంటూ దాన్ని చిన్నది చేయడం తప్పు. నేరస్థుడు కాబట్టి హుక్ బాగాలేదనడం కూడా తప్పు. రెండు వరుసలు రెండుగానే ఉండాలి.

పేజీ మూసేయకండి

1974లో జార్జ్ ఫోర్‌మన్ పేజీ రాసినవాడు ఏం రాసి ఉంటాడు? ముభావి, ముఖం చిట్లించుకునేవాడు, అక్టోబరు 30న అలీ చేతిలో 8వ రౌండులో పడిపోయినవాడు. ఆ పోరాటం జరిగిన ఆఫ్రికా నగరం కిన్షాసాకి అతను జర్మన్ షెపర్డ్ కుక్కతో దిగాడు. బెల్జియం పాలకుల కాలంలో పోలీసులు జనం మీదికి వదిలిన జాతి కుక్క అది, ఊరంతా అలీవైపు తిరిగిపోయింది. 1977లో ఆట మాని మతబోధకుడయ్యాడు. పదేళ్లకి లావెక్కి, తన మీద తానే జోకులేసుకుంటూ తిరిగొచ్చాడు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ల వయసులో, పాయింట్లలో వెనకబడి ఉండి కూడా 10వ రౌండులో మైకేల్ మూరర్‌ని కుడిచేత్తో కూల్చాడు. ఒంటి మీద ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో వేసుకున్న నిక్కరే.

మనవాళ్లని తూచేటప్పుడు

ఇక్కడ పద్ధతి అంతా తలకిందులయ్యే ప్రమాదముంది. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ పేరు దేశమంతా మొదట వినబడింది పిడికిలితో కాదు, ఉత్తరంతో. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి మేరీ కోమ్‌ని నేరుగా పంపకుండా ట్రయల్ పెట్టమని క్రీడామంత్రికి రాసింది. డిసెంబరులో జరిగిన ట్రయల్‌లో మేరీ కోమ్ 9-1తో గెలిచింది, చేయి కలపకుండా దిగిపోయింది. తెలుగువాళ్లు చాలామంది ఆ కరచాలనం దగ్గరే ఆగిపోతారు. ఎడమవైపు రాయాల్సింది మాత్రం ఆ రోజు మేరీ కోమ్ గెలిచిందనే. కుడివైపు రెండు రాయాలి: ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ ఎదుట, ట్రయల్ అడిగే ధైర్యం. ఓడాక కుంగిపోకుండా 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్‌ని 5-0తో గెలిచిన పట్టుదల.

ఔత్సాహిక బాక్సింగులో మూడే రౌండ్లు, ఐదుగురు జడ్జీలు. ఒక్క రౌండు తప్పుగా చూసినా కార్డు తిరగబడుతుంది, కాబట్టి ఒక్కో పోరాటాన్ని రెండుసార్లు మ్యూట్‌లో చూడండి. 2023లో ఢిల్లీలో ఆమె 50 కిలోల స్వర్ణం గెలిచినప్పుడు గుంపంతా ఆమెదే. ఆ పోరాటాన్నీ, 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో ఓడినదాన్నీ పక్కపక్కన పెట్టి, మార్కులు వేసే ముందు పేజీ పైన ‘ఈమె గెలవాలని నాకుంది’ అని రాసుకోండి. తేడా వచ్చిన రౌండ్లలో ఎన్ని మీ కోరిక వైపే ఒరిగాయో లెక్కపెట్టండి.